ఈ కాగితం ఎక్కడిది, ఎప్పటిది?

2021 నవంబరు 18న కేంద్ర ఆర్థిక శాఖ నుంచి ఒక నోటిఫికేషన్ వచ్చింది. నంబరు 14/2021, సెంట్రల్ ట్యాక్స్ రేట్ల వరసలోది. బట్టల మీద అప్పటిదాకా ఉన్న 5 శాతం జీఎస్టీ 2022 జనవరి 1 నుంచి 12 శాతం అవుతుందన్నది అందులోని సంగతి. దేశమంతటికీ చీరలు, డ్రెస్ మెటీరియల్ పంపే సూరత్‌లో గగ్గోలు పుట్టింది. డిసెంబరు చివర్లో అక్కడి వస్త్ర వ్యాపారులు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. మన దగ్గర అప్పటి తెలంగాణ మంత్రి కె.టి.రామారావు కూడా ఆ పెంపును గట్టిగా వ్యతిరేకించారు. చివరికి డిసెంబరు 31న, అమలుకు ఒక్క రోజు ముందు, జీఎస్టీ కౌన్సిల్ 46వ సమావేశం బట్టల విషయం వాయిదా వేసింది. అదే రోజు 21/2021 నంబరుతో ఇంకో నోటిఫికేషన్ వచ్చి 14/2021ని పక్కకు నెట్టింది. 14/2021లోనే ఉన్న చెప్పుల మీద పెంపు ఉండిపోయింది, బట్టల మీదది పోయింది.

ఆ 14/2021 నకిలీది కాదు. కేంద్ర ప్రభుత్వం జారీ చేసిందే. నంబరు అసలుది, సంతకం అసలుది, గెజిట్‌లో వెలువడింది. ఇవాళ్టికీ ఇంటర్నెట్‌లో వెతికితే శుభ్రంగా దొరుకుతుంది. తెరిచి చదివితే బట్టల మీద 12 శాతం అనే ఉంటుంది. ఆ పీడీఎఫ్ మీద ఎక్కడా ‘ఇది చెల్లదు’ అన్న ముద్ర కనిపించదు. డిసెంబరు 25న దాన్ని దించుకుని రేట్ల పట్టిక తయారు చేసుకున్న గుమాస్తా ఏ తప్పూ చేయలేదు. జనవరి 2న అదే పట్టిక చూసి బిల్లు కొట్టి ఉంటే మాత్రం తప్పే.

నియమాల కాగితాల విషయంలో రెండు ప్రశ్నలు ఎప్పుడూ జంటగా అడగాలి. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఇది ఎప్పటిది? మొదటి ప్రశ్న మన వాళ్ళు ఎంతో కొంత అడుగుతారు. ప్రభుత్వానిదే అని తేలగానే తృప్తిపడి రెండోది వదిలేస్తారు. నష్టం ఎక్కువగా రెండో దాంట్లోనే జరుగుతుందని నా అభిప్రాయం. నకిలీ కాగితానికి ఎక్కడో ఒక చోట అనుమానం తగులుతుంది. కాలం చెల్లిన అసలు కాగితానికి అనుమానం తగిలే చోటే ఉండదు.

సూరత్ గురించి తెలుగులో ఇంత చెప్పడానికి కారణం ఉంది. లింబాయత్, ఉధనా వైపు వెళితే తెలుగు మాట్లాడే వీధులు తగులుతాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు సాంచాల (మరమగ్గాల) పనికి అక్కడికి వెళ్ళి తరాలుగా ఉండిపోయాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఆ ఇళ్ళలో ఇప్పుడు సాంచా నడిపేవాళ్ళే కాదు, సొంతంగా నాలుగు మగ్గాలు పెట్టుకున్నవాళ్ళు, మిల్లుల్లో లెక్కలు రాసేవాళ్ళు, రంగుల కొలతలు చూసేవాళ్ళు, ఎగుమతి కాగితాలు తయారు చేసేవాళ్ళూ ఉన్నారు. ఇటు చూస్తే మన ఊళ్ళలో చిన్న చీరల దుకాణం పెట్టుకున్నవాళ్ళకు సరుకు వచ్చేదీ చాలావరకు అక్కడి నుంచే. ‘కొత్త రూలు వచ్చిందంట’ అని వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతూనే ఉంటుంది.

ఆ పీడీఎఫ్‌ను ఎలా చూడాలన్నది నిజానికి పెద్ద విద్యేమీ కాదు. కేంద్ర గెజిట్‌నే తీసుకుందాం. 2015 అక్టోబరు నుంచి గెజిట్ కాగితం మీద అచ్చువేసి అమ్మడం మానేశారు, ఇప్పుడు ఈ-గెజిట్ వెబ్‌సైట్‌లో ఉన్నదే గెజిట్. ప్రతి సంచిక నెత్తిన ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. సీజీ అంటే కేంద్ర ప్రభుత్వం, డీఎల్ అంటే ఢిల్లీ, ఈ అంటే అసాధారణ సంచిక. ఆ తర్వాత ఎనిమిది అంకెలు తేదీ: రోజు, నెల, సంవత్సరం. చివర వరస సంఖ్య. ఈ ఒక్క పంక్తి చూస్తే కాగితం ఎక్కడిదో ఎప్పటిదో రెండూ తెలుస్తాయి. వాట్సాప్‌లో వచ్చినదానికి ఈ పంక్తి కత్తిరించి ఉంటే, లోపలి రెండు పేజీలు మాత్రమే ఫొటోలు తీసి పంపి ఉంటే, అక్కడే ఆగి మొదటి పేజీ అడగాలి.

చాలామంది గెజిట్ చివరి పేజీ చూడరు. సవరణ నోటిఫికేషన్ల చివర చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంటుంది. మూల నోటిఫికేషన్ ఫలానా తేదీన ఫలానా నంబరుతో అచ్చయింది, చివరిసారి ఫలానా నంబరుతో సవరించారు అని అందులో రాస్తారు. అది ఆ నియమానికి వంశవృక్షం. జీఎస్టీ రేట్లకు మూలం 2017 జూన్ 28న వచ్చిన 1/2017 నోటిఫికేషన్. ఎనిమిదేళ్ళపాటు వచ్చిన సవరణలన్నీ దాన్ని పట్టుకునే వచ్చాయి. ఏ సవరణ చేతికి దొరికినా చివరి గమనిక పట్టుకుని వెనక్కు నడుస్తూ మొదటి దాకా వెళ్ళవచ్చు. ముందుకు మాత్రం నడవలేం. దీని తర్వాత ఏం వచ్చిందో పాత కాగితానికి తెలియదు కదా! అందుకే కాగితంతో సరిపెట్టుకోకుండా, పన్నుల బోర్డు వెబ్‌సైట్‌లో ఆ సంవత్సరపు నోటిఫికేషన్ల వరస తెరిచి, మన చేతిలోని నంబరు తర్వాత వచ్చినవాటి శీర్షికలు ఒకసారి చదవాలి. మహా అయితే పది నిమిషాల పని.

ఆ 1/2017 కథ కూడా ముగిసింది. సింథటిక్ పోగు మీద 18, దాని నూలు మీద 12, బట్ట మీద 5 శాతం పన్ను ఉండటంతో, ముడిసరుకు మీద ఎక్కువ కట్టి తయారైన సరుకు మీద తక్కువ వసూలు చేసే తలకిందుల లెక్క ఏళ్ళ తరబడి సూరత్‌ను వేధించింది. బట్టల రేటు పైకి లేపి ఆ చిక్కు విప్పాలన్నదే 2021 ప్రయత్నం. 2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ కౌన్సిల్ సమావేశం దాన్ని రెండో వైపు నుంచి విప్పింది. పోగు, నూలు రెండింటినీ 5 శాతానికి దించింది. సెప్టెంబరు 17న వచ్చిన 9/2025 నోటిఫికేషన్ 1/2017 స్థానాన్ని తీసుకుంది, 22 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఎవరైనా నూలు బిల్లుకు 1/2017 పట్టిక ఆధారంగా చూపిస్తే అది పాత మాట.

అలాగని పాతదాన్ని చించి పారేయకూడదు. 2025 ఆగస్టులో కొన్న సింథటిక్ నూలు గురించి అధికారి రెండేళ్ళ తర్వాత అడిగితే, ఆ రోజుకు సరైనది 12 శాతమే. జీఎస్టీ చట్టం లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచమంటుంది. ఆ లెక్కలతోపాటు అప్పటి రేటు కాగితం కూడా ఉండాలి. కాబట్టి ‘తాజాది ఏది?’ అన్నది సగం ప్రశ్నే. ‘నా బిల్లు తేదీన అమల్లో ఉన్నది ఏది?’ అన్నది పూర్తి ప్రశ్న. దానికి మూడు తేదీలు విడివిడిగా తెలియాలి: కాగితం జారీ అయిన తేదీ, అమలు మొదలయ్యే తేదీ, మన దగ్గరున్న నకలు దించుకున్న తేదీ. 14/2021 విషయంలో మొదటి తేదీకి, రెండో తేదీకి మధ్య నలభై నాలుగు రోజులున్నాయి. నియమం పుట్టి, అమలుకు రాకుండానే పోయింది ఆ సందులోనే.

ఇక మొదటి ప్రశ్న, ఎక్కడి నుంచి వచ్చింది అన్నది. దీనికి 2020లో జరిగిన ఒక ఘటన ప్రతి ఎగుమతి ఆఫీసులోనూ చెప్పుకోవాల్సింది. సేంద్రియ పత్తితో నేసిన బట్టకు గాట్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పత్తి నుంచి చొక్కా దాకా సరుకు చేతులు మారిన ప్రతిచోటా ఒక లావాదేవీ పత్రం ఉండాలి. ఆ సంస్థ 2020 అక్టోబరు 30న ఒక ప్రకటన చేసింది. భారతదేశంలో ముడి పత్తికి దొంగ పత్రాలు సృష్టించారని, దాదాపు 20,000 టన్నుల పత్తిని ఇలా సేంద్రియమని చూపించారని చెప్పి 11 కంపెనీలను నిషేధించింది.

పత్రాల మీద క్యూఆర్ కోడ్ ఉంది. కొనేవాడు జాగ్రత్తపరుడే, ఫోను పెట్టి స్కాన్ చేశాడు. వెబ్‌సైట్ తెరుచుకుంది. భారత ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్ ఎలా ఉంటుందో అలాగే ఉంది, పత్రం వివరాలూ సరిపోయాయి. కానీ అది ప్రభుత్వ వెబ్‌సైట్ కాదు, దాన్ని చూసి చేసిన నకలు. దొంగ పత్రమే తన సాక్షిని తానే వెంట తెచ్చుకుంది. స్కాన్ చేసిన ప్రతివాడూ తనిఖీ చేశాననే అనుకున్నాడు.

దీన్నుంచి తేలేది ఒకటే. కాగితం చూపించిన దారిలో వెళ్ళి ఆ కాగితాన్ని పరీక్షించకూడదు. ఆ సంస్థ చిరునామా మనమే వేరుగా తెలుసుకుని, మనమే టైపు చేసి, అక్కడి వెతుకుపెట్టెలో పత్రం నంబరు వేసి చూడాలి. నోటీసు మీద ఉన్న ఫోన్ నంబరుకే ఫోన్ చేసి ‘ఈ నోటీసు మీదేనా?’ అని అడిగినా ఇదే గతి.

అన్ని క్యూఆర్ కోడ్‌లూ ఒకటి కావన్నది కూడా ఇక్కడ చెప్పాలి. కొన్నింటిలో వట్టి వెబ్ చిరునామా ఉంటుంది, ఎవరైనా తయారు చేయగలరు. జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ మీద ఉండే కోడ్ వేరే రకం. దాంట్లో బిల్లు ముఖ్య వివరాలు, వాటి మీద ప్రభుత్వ పోర్టల్ డిజిటల్ సంతకం రెండూ ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చిన యాప్‌తో స్కాన్ చేస్తే ఆ సంతకం సరైందో కాదో యాప్ లెక్క కట్టి చెబుతుంది. మామూలు ఫోను కెమెరాతో చూస్తే మాత్రం అక్షరాల గందరగోళమే కనబడుతుంది. ఆధార్ మీద ఉండే కోడ్ కూడా ఈ జాతిదే.

డిజిటల్ సంతకం అన్నాం కాబట్టి ఇంకో మాట. చాలా ప్రభుత్వ పీడీఎఫ్‌ల మీద పసుపు ప్రశ్నార్థకం, పక్కన ‘సిగ్నేచర్ నాట్ వెరిఫైడ్’ అని కనిపిస్తుంది. అది చూసి దొంగ కాగితమని భయపడేవాళ్ళను చూశాను. సాధారణంగా అర్థం అది కాదు. ఆ కంప్యూటర్‌లోని పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌కు మన దేశపు సంతకాల మూల సంస్థను నమ్మమని ఇంకా ఎవరూ చెప్పలేదని అర్థం. దీనికి రెండో వైపూ ఉంది. ఆకుపచ్చ టిక్కు బొమ్మను పేజీ మీద అతికించడం ఎవరికైనా చేతనవుతుంది. ప్రింటు తీసిన కాగితం మీద టిక్కుకు విలువ లేదు. సంతకం బతికి ఉండేది అసలు ఫైల్లోనే. ప్రింటు తీసి, ఫొటో కొట్టి, మళ్ళీ పీడీఎఫ్ చేస్తే అది పోతుంది.

పన్ను అధికారుల నుంచి వచ్చే ఉత్తరాలకు 2019 నవంబరు 8 నుంచి డిన్ అనే సంఖ్య పెట్టారు. అది లేని ఉత్తరం చెల్లదన్నారు, వెబ్‌సైట్‌లో వేసి సరిచూసుకోమన్నారు. మంచి పద్ధతే. ‘డిన్ లేకపోతే దొంగ నోటీసు’ అన్న మాట అప్పటి నుంచి వ్యాపారుల నోళ్ళలో నానుతోంది. అయితే 2025 జూన్‌లో బోర్డు ఇంకో సర్క్యులర్ ఇచ్చింది. జీఎస్టీ పోర్టల్ నుంచే తయారై, పోర్టల్ సొంత రిఫరెన్స్ నంబరు ఉన్న ఉత్తరానికి డిన్ వేరుగా అక్కర్లేదు. పాత మాట పట్టుకుని అలాంటి నోటీసును చెత్తబుట్టలో వేస్తే గడువు దాటిపోతుంది. తనిఖీ చేసే నియమం కూడా నియమమే, దానికీ తేదీ ఉంది!

సూరత్‌లో పుట్టుక పత్రానికి అన్నిటికన్నా విలువ ఉన్న సరుకు వజ్రం. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో చాలా భాగం సూరత్ చేతుల మీదుగా వెళుతుంది. ఆఫ్రికాలో యుద్ధాలకు వజ్రాల సొమ్ము అందకుండా చూడాలని 2003 జనవరి 1న కింబర్లీ ప్రాసెస్ మొదలైంది. ముడి వజ్రాల పొట్లం దేశం దాటాలంటే ఆ పత్రం ఉండాలి. మన దేశంలో ఆ పని రత్నాభరణాల ఎగుమతి మండలి చూస్తుంది. అయితే ఆ పత్రం ముడిరాయికే. సానపట్టిన రాయి వెంట అది రాదు. పైగా పొట్లంలో వేర్వేరు దేశాల రాళ్ళు కలిసి ఉంటే ‘మిశ్రమ మూలం’ అని రాయడం పత్రంలోనే ఉంది. సూరత్‌లో రాళ్ళను వేరు చేసేది పరిమాణాన్ని, రంగును, నాణ్యతను బట్టి, గనిని బట్టి కాదు. కలిపి, ఏరి, మళ్ళీ కలిపేటప్పటికి ఏ రాయి ఎక్కడిదో చెప్పడం కష్టం.

ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఈ కష్టం సమస్యగా మారింది. రష్యా వజ్రాలను జీ7 దేశాలు నిషేధించాయి. 2024 జనవరిలో రష్యా నుంచి నేరుగా వచ్చేవాటిని ఆపారు. 2024 మార్చి 1 నుంచి వేరే దేశంలో సానపట్టినవి కూడా, ఒక క్యారెట్, ఆపైవి ఆపారు. సెప్టెంబరు 1 నుంచి ఆ హద్దు అర క్యారెట్‌కు దిగింది. అంటే ముప్పావు క్యారెట్ రాయికి ఆగస్టులో అక్కర్లేని ‘రష్యాది కాదు’ అన్న హామీ సెప్టెంబరులో కావాలి. రాయి మారలేదు, గని మారలేదు, నియమం తేదీ మారింది. ‘వజ్రాల నిషేధం గురించి మా దగ్గర కాగితం ఉంది’ అని చెప్పే ఆఫీసులో ఆ కాగితం మార్చిదా సెప్టెంబరుదా అన్నది మొదట అడగాల్సిన మాట.

వజ్రం దగ్గర మూడో సంగతి కూడా బయటపడుతుంది. కాగితం అసలుదే, తాజాదే, కానీ అది ఈ రాయిది కాదు. అమెరికా ప్రయోగశాల జీఐఏ ఇచ్చే నివేదిక నంబరును రాయి నడుముపై లేజరుతో చెక్కే పద్ధతి ఉంది. నిజమైన గని వజ్రానికి ఇచ్చిన నంబరును ప్రయోగశాలలో పెంచిన వజ్రం మీద చెక్కి అమ్మబోయిన సంగతులను ఆ సంస్థే బయటపెట్టింది. నంబరును వెబ్‌సైట్‌లో వేస్తే నివేదిక వస్తుంది, అంతా సవ్యంగానే కనబడుతుంది. అందుకే నివేదికలోని బరువు, మిల్లీమీటర్ల కొలతలు చేతిలోని రాయితో సరిపోతున్నాయా అని చూడాలి, అనుమానముంటే రాయినే పరీక్షకు పంపాలి. ఈ నివేదికల్లోనూ పాతవీ కొత్తవీ ఉన్నాయి. 2025 అక్టోబరు 1 నుంచి జీఐఏ ప్రయోగశాల వజ్రాలకు రంగు, స్వచ్ఛత అక్షరాలు ఇవ్వడం మానేసి రెండే తరగతులు పెట్టింది. పాత నివేదిక, కొత్త నివేదిక పక్కపక్కన పెట్టి ధర పోల్చడానికి ఇక కుదరదు.

మనకు దగ్గరి ముచ్చట ఒకటి ఇక్కడే చెప్పాలి. వజ్రాల వ్యాపారంలో కొన్ని అతి స్వచ్ఛమైన రాళ్ళను ఇప్పటికీ ‘గోల్కొండ’ అంటారు. కృష్ణా తీరాన కొల్లూరు వంటి గనుల పేరు అది. వేలంపాటల్లో ఆ పేరు ధర పెంచుతుంది కూడా. కానీ చాలాసార్లు అది రాయి గుణానికి పెట్టిన పేరే తప్ప మన నేలలో దొరికిందనడానికి రుజువు కాదు.

వజ్రం వదిలి రంగుల దగ్గరకు వద్దాం. డైయింగ్ మిల్లుకు వచ్చే ప్రతి రసాయనం డ్రమ్ముతో భద్రతా వివరాల పత్రం ఉండాలి. దానికి 16 భాగాలు. మొదటి భాగంలో ఎవరు తయారు చేశారో, చివరి భాగంలో ఎప్పుడు సవరించారో ఉంటుంది. అంటే మన రెండు ప్రశ్నలకూ జవాబులు ఆ పత్రం మొదట్లో, చివర్లో ఉన్నాయి. చాలామంది మధ్యలో ప్రమాద చిహ్నాలు చూసి వదిలేస్తారు. తయారీదారు పేరు చోట మధ్య వ్యాపారి పేరు ఉంటే, లేదా ఏదో పత్రాల వెబ్‌సైట్ నుంచి దించిన వేరే కంపెనీ పత్రం పెట్టి ఉంటే, డ్రమ్ములో ఉన్నదానికీ కాగితంలో రాసినదానికీ సంబంధం ఉందన్న భరోసా లేదు.

యూరప్ కొనుగోలుదారులు అడిగే ఇంకో హామీ ఉంది. అత్యంత ఆందోళనకర పదార్థాల జాబితాలోనివి మా బట్టలో లేవు అని రాసివ్వాలి. యూరప్ రసాయనాల సంస్థ ఆ జాబితాను 2008 అక్టోబరు 28న మొదలుపెట్టినప్పుడు అందులో 15 పదార్థాలు. సాధారణంగా ఏటా రెండుసార్లు పెరుగుతూ 2025 జూన్ 25 నాటికి 250 అయింది. తేదీ లేకుండా ‘జాబితాలోనివి లేవు’ అని రాసిన పత్రం ఏ జాబితా గురించి మాట్లాడుతోంది? 15 పదార్థాలదా, 250దా? పత్రం ఇచ్చినవాడు అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. అతని మాటకు అర్థమే లేదు, అంతే.

ఇదంతా ఎగుమతిదారుల ముచ్చట అనుకునేవాళ్ళు 2022 జనవరి 6 గుర్తు చేసుకోవాలి. సూరత్ దగ్గరి సచిన్ పారిశ్రామికవాడలో, తెల్లవారుజామున, ఒక ట్యాంకరు నుంచి రసాయన వ్యర్థాన్ని అక్రమంగా కాలువలోకి వదలగా వెలువడిన విషవాయువుకు పక్కనున్న డైయింగ్ మిల్లులో ఆరుగురు కార్మికులు చనిపోయారు. ప్రమాదకర వ్యర్థం ఫ్యాక్టరీ దాటితే ఎవరు పుట్టించారు, ఎవరు మోస్తున్నారు, ఎక్కడ దించుతారు అనే వివరాలతో రవాణా పత్రం ఉండాలని నియమం. 2008 నిబంధనల్లో అది 13వ ఫారం, 2016 నిబంధనల్లో 10వ ఫారం. కాగితం ఒక్కటే ప్రాణాలు కాపాడుతుందని అనను. కానీ ట్యాంకరు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగని చోటే ఇలాంటివి జరుగుతాయి.

మళ్ళీ ‘ఎప్పటిది?’ అన్న ప్రశ్నకు వస్తే, పాలియెస్టర్ నూలు కథ తొందరగా చెప్పేయవచ్చు. నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుల కింద కొన్ని రకాల పాలియెస్టర్ నూలుకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర 2023లో తప్పనిసరి అయింది. 2025 నవంబరులో కేంద్రం ఆ ఉత్తర్వులను, మరికొన్నింటితో కలిపి, ఉపసంహరించుకుంది. ముద్ర లేని దిగుమతి నూలు చట్టవిరుద్ధమని చెప్పే కరపత్రం మీ దగ్గర ఉంటే దాని తేదీ చూడండి. ఒక సూక్ష్మం ఉంది: ఉత్తర్వు పోయింది కానీ ప్రమాణం పోలేదు. తప్పనిసరి అన్నది తొలగింది, నాణ్యత కొలత పుస్తకంలో అలాగే ఉంది.

ఇన్ని కాగితాలు ఎవరు చదువుతారు? ఎవరూ చదవరు. ఆఫీసుల్లో జరిగేది వేరు. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రేట్లు ముందే నింపి ఉంటాయి. పెద్ద కంపెనీలు నియమాల సమాచారం అందించే సేవలకు ఏడాదికింత అని కడతాయి. చిన్నవాళ్ళు అకౌంటెంటు పంపిన ఎక్సెల్ వాడతారు. ఈ మధ్య చాట్‌బాట్‌ను అడిగేవాళ్ళూ పెరిగారు. వీటిలో ఏదీ మూలం కాదు, అన్నీ నకళ్ళే. నకలు వాడటంలో తప్పు లేదు, అది నకలని గుర్తుంటే చాలు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళను అడగండి: ఈ రేటు ఏ నోటిఫికేషన్ నుంచి తీశారు, ఎప్పుడు సరిచూశారు, పాత రేటు పాత తేదీతో దాచి ఉందా, లేక దాని మీదే కొత్తది రాసేశారా? మూడో ప్రశ్నకు చాలామంది తడబడతారు. పాతదాని మీద రాసేసే పట్టికతో నిరుటి బిల్లును సమర్థించుకోలేరు. చాట్‌బాట్ చెప్పినదాంట్లోంచి నోటిఫికేషన్ నంబరు మాత్రం తీసుకుని, ఆ నంబరు నిజంగా ఉందో లేదో బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. వెబ్‌పేజీ అడుగున ‘చివరిసారి నవీకరించిన తేదీ’ అని కనిపిస్తే మురిసిపోకండి. చాలా చోట్ల అది పేజీకి రంగు మార్చినా మారే తేదీ.

తెలుగు కార్మికులకు సంబంధించింది ఇంకొకటి ఉంది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. వలస కార్మికుల కోసం 1979లో చేసిన అంతర్రాష్ట్ర చట్టం అందులో ఒకటి. వలస కార్మికుల హక్కుల గురించి తెలుగులో అచ్చయిన కరపత్రాలు చాలావరకు ఆ పాత చట్టం సెక్షన్ల నంబర్లతోనే ఉన్నాయి. సూరత్ సాంచాల షెడ్డులో పనిచేసేవాడు ఆ కరపత్రం పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళితే, హక్కు ఉన్నా నంబరు తప్పినందుకు వెనక్కు రావాల్సి రావచ్చు. కార్మిక సంఘాలు, తెలుగు సంఘాలు ముందు ఆ కరపత్రాలు సరిచేయాలి.

ప్రభుత్వానిదీ ఇందులో వాటా ఉంది. కేంద్ర నోటిఫికేషన్లు హిందీ, ఇంగ్లీషుల్లో వస్తాయి. గుజరాతీ వ్యాపారికీ తెలుగు గుమాస్తాకూ చేరేది ఎవరో రాసిన సారాంశమే. రద్దయిన నోటిఫికేషన్ పీడీఎఫ్ మీద ‘రద్దయింది, ఫలానాది చూడండి’ అని ఒక్క ముద్ర వేయడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. అది చేయనంత కాలం ఆ బరువు చిన్నవాడి నెత్తినే ఉంటుంది.

అందాకా మనం చేయగలిగింది చేద్దాం. ఇంకోసారి సూరత్ గ్రూపులోనో మీ ఊరి దుకాణదారుల గ్రూపులోనో నియమాల పీడీఎఫ్ వేసేటప్పుడు దాని నంబరు, జారీ తేదీ, మీరు ఏ వెబ్‌సైట్ నుంచి ఏ రోజు దించారు అన్నవి కింద రాసి వేయండి. అవి లేకుండా మీకు వస్తే, పంపినవాళ్ళను అడిగి తెలుసుకున్నాకే ముందుకు పంపండి.